వేలంలో కొన్న పాత ర్యాకులు: కోవూరు గోడౌన్ డైరీ

జనవరి 18

ఈ రోజుకు గోడౌన్‌లో 1,900 బస్తాల రొయ్యల మేత ఉంది. అంతా నేల మీదే, చెక్క ప్యాలెట్లు పరిచి పన్నెండు వరసల ఎత్తున పేర్చాం. పొద్దున అడుగు వరసలోంచి ఒక బస్తా లాగి కోసి చూశాను. పైబరువుకు గుళికలు నలిగి సగం పొడి అయిపోయాయి. ఆ పొడి చెరువులో చల్లితే రొయ్యకు అందదు, అడుక్కి చేరి నీళ్లు పాడుచేస్తుంది. రైతు వచ్చి నన్ను అడుగుతాడు. అడగడం న్యాయమే.

ఇంకో బాధ వాన. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు షట్టరు కిందనుంచి జానెడు నీళ్లు లోపలికొచ్చాయి. అడుగు రెండు వరసలూ బూజు పట్టి పారబోశాం. అప్పటినుంచీ ర్యాకులు పెట్టించాలని మనసులో ఉంది. మేత పైకెక్కించి, తడిసినా పెద్ద నష్టం లేని జియోలైట్ (చెరువులో చల్లే ఖనిజం) బస్తాలు కింద ఉంచాలని ఆలోచన.

కొత్తవాటికి కొటేషన్ తెప్పించాను. 24 గడులు, అంటే రెండు నిలువు ఫ్రేముల మధ్య ఖాళీలు, గడికి రెండంతస్తుల అడ్డ బీములు. పిన్నులు, నేల బోల్టులు, కాళ్లకు గార్డులు, బిగింపు అన్నీ కలిపి 3,40,000, జీఎస్టీ కాకుండా. అంతస్తుకు రెండు చొప్పున, నేల మీద పెట్టేవి కూడా కలుపుకుంటే 144 ప్యాలెట్లకు చోటు. చెన్నై రెడ్ హిల్స్ వైపు ఒక గిడ్డంగి ఖాళీ అవుతోందనీ, వాళ్ల ర్యాకులు ఆన్‌లైన్ వేలానికి వచ్చాయనీ మా బావ చెప్పాడు. ఫోటోలు పంపించాడు. నీలం రంగు ఫ్రేములు, నారింజ రంగు బీములు, చూడ్డానికి నిన్న దింపినట్టు ఉన్నాయి.

జనవరి 27

చూసుకోవడానికి ఇచ్చిన టైము రెండే గంటలు. ర్యాకులు ఇంకా నిలబెట్టే ఉన్నాయి. అడుగు గడుల్లో అట్టపెట్టెలు, చుట్టలు చుట్టిన ప్లాస్టిక్ షీట్లు కుక్కి ఉన్నాయి. వరసలు గోడకు ఆనించి ఉండటంతో వెనక కాళ్లు కనపడలేదు. ముందు కాళ్లకు గార్డులు తొడిగి ఉన్నాయి. గార్డు విప్పి చూపించమంటే, అమ్మకం అయ్యాకే అన్నాడు అక్కడి సూపర్‌వైజర్.

బరువు పలక కోసం వెతికాను. ప్రతి వరస చివరా ఒక రేకు పలక ఉండాలి. ఒక జత బీముల మీద ఎంత మోపవచ్చు, గడి మొత్తానికి ఎంత, మొదటి బీము ఎంత ఎత్తులో ఉండాలి అని తయారీదారే రాసి ఇస్తాడు. ఇక్కడ ఒక్కటి కూడా లేదు. రెండు రివెట్ల చిల్లులు మాత్రం ఉన్నాయి. కంపెనీ పేరున్న స్టిక్కర్లు కూడా ఊడిపోయాయి.

అక్కడే ఆగిపోవాల్సింది. పలక లేని ర్యాకు ఎంత మోస్తుందో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. అయినా ధర చూసి ఆశపడ్డాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఫిబ్రవరి 2

పాట నాకే కొట్టేశారు. 1,65,000.

మా అమ్మమ్మ వాళ్లది టంగుటూరు దగ్గర పల్లె. చిన్నప్పుడు తాతతో పొగాకు వేలానికి వెళ్లేవాణ్ని. కొనేవాళ్లు ప్రతి బేలు దగ్గరా ఆగి, ఆకు చేత్తో పట్టి, రంగు చూసి, అప్పుడు ధర చెప్పేవాళ్లు. బేలుకు బేలే, ధరకు ధరే. ఇవాళ నేను చేసింది దానికి పూర్తిగా ఎదురు. మొత్తం లాటుకు ఒకే ధర. ఒక్క మంచి ఫ్రేము కావాలన్నా పక్కనున్న వంకర ఫ్రేముకు కూడా డబ్బు కట్టాల్సిందే.

డబ్బు కట్టేముందు షరతుల కాగితం మళ్లీ చదివాను. పాట పాడేముందు చదవాల్సినంత నిదానంగా ఇప్పుడు చదివాను. 'ఎక్కడున్నది అక్కడ, ఎలా ఉన్నది అలా' అన్నది మొదటి షరతు. తర్వాత ఏ లోపం బయటపడినా వాళ్లకు సంబంధం లేదు. ఫ్రేములు 'సుమారు 30', బీములు 'సుమారు 120' అని ఉంది. ఆ 'సుమారు' అనే మాట ఉన్నాక ఒకటీ రెండూ తగ్గినా అడిగే హక్కు ఉండదు. విప్పడం, ఎత్తడం, లారీ ఖర్చు మనదే. పూర్తి డబ్బు కట్టిన రోజు నుంచి ఏడు రోజుల్లో ఖాళీ చేయాలి, దాటితే రోజుకు 2,000 స్థలం అద్దె. గడువులో డబ్బు కట్టకపోతే ధరావతు పోతుంది. వేలం నడిపినవాళ్ల రుసుం 3 శాతం అంటే 4,950. దాని మీద జీఎస్టీ వేరు.

ఫిబ్రవరి 9 నుంచి 15 వరకు

నెల్లూరు నుంచి ఐదుగురు ఫిట్టర్లను తీసుకెళ్లాను. మేస్త్రీ ఇరవై ఏళ్లుగా షెడ్లు, ర్యాకులు కడుతున్న మనిషి. విప్పేటప్పుడే ఎక్కువ ప్రమాదం అని ఆయన మొదటి రోజే అందరికీ గట్టిగా చెప్పాడు. పై బీము నుంచి కిందికి రావాలి, ఒక గడి పూర్తిగా విప్పితేగాని ఇంకో గడి ముట్టుకోకూడదు, కింద మనిషి ఉండగా పైన సుత్తి ఎత్తకూడదు. హెల్మెట్లు, బెల్టులు మేమే పట్టుకెళ్లాం.

మూడు రోజుల్లో విప్పేశారు. నాలుగో రోజు లారీ వచ్చింది. సగం ఎక్కించేసరికి గేటు దగ్గర ఆపేశారు. ఆపింది గిడ్డంగి స్థలం యజమాని తాలూకు మనిషి. ర్యాకులు అమ్మిన కంపెనీ ఐదు నెలల అద్దె బాకీ ఉందట, అది తేలేదాకా లోపలి ఇనుప ముక్క కూడా బయటికి పోనివ్వం అన్నాడు. నా దగ్గర డబ్బు కట్టిన రసీదు, ఇన్‌వాయిస్, డెలివరీ ఆర్డర్, ఈ-వే బిల్లు అన్నీ ఉన్నాయి. అవన్నీ చూశాడు. 'మీ కాగితాలు సరే, మా అద్దె సంగతేంటి' అన్నాడు. ఆయన కోణంలో ఆయనదీ న్యాయమే. నా టెన్షన్ నాది.

నాలుగు రోజులు ఫోన్లతోనే సరిపోయింది. చివరికి అమ్మినవాళ్లు స్థలం యజమానితో రాజీకి వచ్చి అభ్యంతరం లేదని లేఖ ఇచ్చారు. ఈలోపు గడువు రెండు రోజులు దాటింది. ఆ 4,000 అద్దె కూడా నేనే కట్టాను. వేలంలో సరుకు కొనేవాళ్లు సరుకు ఎవరిదో ఒక్కటే కనుక్కుంటే చాలదు. అది నిలబడి ఉన్న నేల ఎవరిదో, వాళ్లకు బాకీ ఉందో లేదో కూడా పాటకు ముందే కనుక్కోవాలి. స్థలం యజమాని నుంచి లేఖ ముందే చేతికి వస్తే మేలు.

లారీ రాత్రి తడ దాటి తెల్లవారుజామున కోవూరు చేరింది. లెక్కపెట్టాం. ఫ్రేములు 30, బీములు 118. బీము చివర పెట్టే సేఫ్టీ పిన్నులు ఒక చిన్న డబ్బాలో పట్టేటన్ని ఉన్నాయి, అందులో సగం వంకర. పిన్ను లేకపోతే ప్యాలెట్లు పైకెత్తే స్టాకర్ బండి కిందనుంచి పొరపాటున తగిలినప్పుడు బీము కొక్కెం గాడిలోంచి పైకి లేచి ఊడిపోతుంది. అందుకే బీముకు రెండు పిన్నులు తప్పనిసరి.

ఫిబ్రవరి 20

ఈ రోజు మొత్తం ఫ్రేములతోనే గడిచింది. ఎక్కువ నేర్చుకున్నదీ ఈ రోజే.

నా దగ్గరున్న కొలత ఈఎన్ 15635 అనే యూరప్ ప్రమాణంలోది. మీటరు పొడవున్న నిటారు బద్దను నిలువు స్తంభానికి ఆనించి, వంపు మధ్యలోకి వచ్చేలా పెట్టి, బద్దకూ స్తంభానికీ మధ్య సందు కొలవాలి. బీములు సాగే దిక్కులో 5 మిల్లీమీటర్లు దాటకూడదు. ఫ్రేము లోతు దిక్కులో, అంటే ముందుకీ వెనక్కీ, 3 మిల్లీమీటర్లే. రెండు స్తంభాల మధ్య అడ్డంగా, ఏటవాలుగా ఉండే కమ్మీల వంపు 10 దాటకూడదు. వాడుకలో ఉన్న ర్యాకు ఇందులో దేనికైనా రెట్టింపు దాటి వంగితే ఆ క్షణమే సరుకు దించేయాలి. నావి ఇంకా ఖాళీవి కాబట్టి, హద్దు దాటిన ప్రతిదీ పక్కన పెట్టడమే అనుకున్నాం.

ఫ్రేములన్నీ షెడ్డు ముందు ఇటుకల మీద పరిచి గార్డులు విప్పించాను. రెడ్ హిల్స్‌లో విప్పనివ్వని గార్డులే. ఏడో ఫ్రేము గార్డు ఊడదీయగానే మేస్త్రీ చెయ్యి ఆపాడు. 'అన్నా, ఇటు రాన్నా. దీన్ని ఎవరో కొట్టి సరిచేసుండారు' అన్నాడు. మోకాలెత్తులో ఫోర్క్‌లిఫ్ట్ తగిలి వంగిన చోట సుత్తితో కొట్టి నిటారు చేశారు. బద్ద ఆనిస్తే సందు 2 మిల్లీమీటర్లే, కొలతలో పాస్. కానీ వేలితో రాస్తే ఆ మూల మీద అలలు అలలుగా తగులుతోంది. గోరుతో గీరితే నీలం రంగు పెచ్చులుగా లేచి, కింద పాత రంగు వెంట్రుకవాసి చీలికలతో కనిపించింది. పలచటి రేకును వేడిచేయకుండా మడిచి చేసిన స్తంభం ఇది. దాని బలమంతా ఆ మడతల ఆకారంలో ఉంది. ఒకసారి మడత చెడ్డాక తిరిగి కొట్టినా, వేడిచేసి లాగినా పోయిన బలం రాదు. తయారీదారు ఒప్పుకోకుండా అలా బాగుచేయకూడదని ఆ ప్రమాణం కూడా చెబుతోంది. పైన కొత్త రంగు పూయడంతో ఫోటోలో ఏమీ తెలియలేదు. బద్ద ఒక్కదాన్నే నమ్ముకుని ఉంటే ఈ ఫ్రేము గోడౌన్‌లోకి వచ్చేసేది.

అలాంటివీ, హద్దు దాటి వంగినవీ కలిపి 5.

మరో మూడింటి పాదాలు తుప్పు తిన్నాయి. పాదం పలక పైనుంచి బాగానే ఉంది. తలకిందులు చేసి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలి మూలలో రేకు పొరలు పొరలుగా రాలింది. నేల కడిగిన నీళ్లు ఏళ్ల తరబడి అక్కడ నిలిచినట్టున్నాయి. మన తీరం గాలికి ఆ తుప్పు ఇంకా త్వరగా ముదురుతుంది.

చివరి మూడు మేస్త్రీ ఎత్తేటప్పుడు పట్టేశాడు, తేలిగ్గా ఉన్నాయని. మందం కొలిచే వెర్నియర్ పెట్టి చూస్తే రంగుతో కలిపి 1.7 మిల్లీమీటర్లు, మిగతావి 2.1. రంగు ఒకటే, చిల్లుల వరస ఒకటే, రేకు మందం వేరు. ఎప్పుడో విరిగినవాటి బదులు చౌకలో వేరేవి తెచ్చి కలిపినట్టున్నారు. నిలబెట్టి ఉన్నప్పుడు కంటితో కనిపెట్టడం ఎవరికైనా కష్టం.

30లో 19 మిగిలాయి.

ఫిబ్రవరి 23

బీములు. 14 బరువు లేకుండానే బొజ్జ దిగి ఉన్నాయి లేదా మెలితిరిగాయి, అవి తీసేశాం. 24 వేరే తయారీవి. కొక్కేలు గాడిలో కూర్చున్నాయి కానీ చేత్తో కుదిపితే ఆడుతున్నాయి. సరిపోయినట్టే కనపడటమే వాటిలో చెడ్డ సంగతి. సరిగ్గా బిగియని కొక్కెం మీద బరువు పడితే ఒక్క మూలే మోస్తుంది. అవీ తీసేశాం.

మిగిలిన 80 బీముల చివరలకు వెల్డింగ్ పరీక్ష పెట్టాను. మూడు స్ప్రే డబ్బాలు తెచ్చాను. మొదటిదానితో బీముకూ కొక్కేల పలకకూ మధ్య వెల్డింగ్ శుభ్రంగా తుడవాలి. రెండోది ఎర్ర ద్రవం, కొట్టి పది నిమిషాలు వదిలి తుడిచేయాలి. మూడోది తెల్లటి పొడి. పగులు ఉంటే లోపల దాగిన ఎరుపు ఆ తెలుపులోకి ఊరుతుంది. మొదటి పది బీముల్లో ఏమీ లేదు. పదకొండోదాని మీద తెల్లపొడి ఆరుతుండగా వెల్డింగ్ పై అంచున సన్నటి ఎర్ర గీత మెల్లగా పైకి తేలింది. కుంకుమతో గీసినట్టుంది. రెండు అంగుళాల పొడవు. అంతకుముందు టార్చి వేసి, భూతద్దం పెట్టి చూసినా అక్కడేమీ కనపడలేదు. కింద మా హమాలీలు ఉంటారు. ఆ గీత చూశాక కాసేపు పని చేయబుద్ధి కాలేదు.

మొత్తం 9 పగిలినవి తేలాయి. 118లో 71 మిగిలాయి.

మార్చి 1

నెల్లూరులో ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించాను. ఫీజు 12,000. మంచివి ఏరాక కూడా వాటి బలం ఎంతో ఎవరో ఒకరు లెక్కకట్టి చెప్పాలి కదా. ఆయన స్తంభం కొలతలు, మందం, బీము కొలతలు తీసుకుని, ఉక్కు రకం తెలియదు కాబట్టి తక్కువ రకం అనుకుని లెక్క కట్టారు. జత బీముల మీద, ప్యాలెట్ల బరువు కాక, సరుకు 1,600 కిలోలు, అంతకు మించవద్దన్నారు. జతకు రెండు ప్యాలెట్లు, బస్తా 25 కిలోలు. అంటే ప్యాలెట్‌కు 40 బస్తాలు అనుకున్నవాణ్ని 32కు దిగాను.

మొదటి బీము ఏడడుగుల ఎత్తులో పెడితే కింద ట్రాలీ తిరుగుతుందని అడిగాను. కుదరదన్నారు. వెదురు బద్ద పొట్టిది నిలబెట్టి నొక్కితే ఓర్చుకుంటుంది, అదే బద్ద పొడుగ్గా ఉంటే విల్లులా వంగుతుంది. స్తంభానికి బీము ఒక పట్టు లాంటిది. నేలకూ మొదటి పట్టుకూ మధ్య దూరం రెట్టింపైతే, సన్నటి స్తంభం వంగకుండా మోసే బరువు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుందని కాగితం మీద లెక్క వేసి చూపించారు. 1.5 మీటర్ల దగ్గర ఒకటి, 3 మీటర్ల దగ్గర రెండోది ఖాయం చేశారు. పాత చోట బీములు ఏ ఎత్తులో ఉన్నాయో అలాగే పెట్టాలన్న నియమం ఏమీ లేదు, మార్చుకోవచ్చు. మార్చినప్పుడల్లా మోసే బరువు కూడా మారుతుంది, అదే చాలామంది పట్టించుకోరు.

నేలకు బోల్టులు తప్పనిసరా అని కూడా అడిగాను, ఇంత బరువు మీద ఎక్కడికి కదులుతుందిలే అనుకుని. నెల్లూరు, ఒంగోలు రెండూ భూకంప మూడో జోన్‌లో ఉన్నాయని గుర్తుచేశారు. 1967 మార్చిలో ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూమి కంపించింది. మొన్న 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరసగా చిన్న ప్రకంపనలు వస్తే మా చుట్టాలు బడుల్లోంచి పిల్లల్ని తెచ్చుకున్నారు. ఇంక మాట్లాడలేదు. కాలికి రెండు బోల్టులు.

మార్చి 6

నేల తవ్వి చూశాం. నాలుగు అంగుళాల కాంక్రీటు అనుకున్నది మూడే ఉంది, కింద ఇసుక. మధ్య ఫ్రేము ఒక్కో కాలి మీద రెండంతస్తులకూ కలిపి 1,600 కిలోలు, ప్యాలెట్ల బరువు అదనం. అదంతా అరచేయంత పలక మీద దిగుతుంది. ఇది పాత ర్యాకుల తప్పు కాదు, కొత్తవి కొన్నా ఈ పని ఉండేదే. 36 కాళ్ల దగ్గరా అడుగున్నర చదరం పగలగొట్టి, పది అంగుళాల మందాన దిమ్మెలు పోయించాను. 38,000 అయింది. 28 రోజులు ఆగాలి.

ఏప్రిల్ 5

బిగింపు మొదలైంది. 18 ఫ్రేములు, వీపుకు వీపుగా రెండు వరసలు, వరసకు 8 గడులు. 24 అనుకున్నవి 16 అయ్యాయి. 64 బీములు పట్టాయి. మేస్త్రీ ప్రతి స్తంభానికీ రెండు దిక్కులా తూకం గుండు వేలాడదీశాడు, రసమట్టం మీద నమ్మకం చాలదని. ఒక ఫ్రేము కింద రేకు ముక్క పెట్టి సరిచేయాల్సి వచ్చింది. వరసల మధ్య కలిపే ముక్కలు లాటులో రానేలేదు, మందపాటి పట్టీ కోయించి బోల్టులతో బిగించాం. కొత్త పిన్నులు బీముకు రెండు.

ఏప్రిల్ 9

బరువు పెట్టి చూశాం. చివరి గడిలో, చుట్టూ తాడు కట్టి, ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా. బీము పొడవు 2,700 మిల్లీమీటర్లు, అందులో 200వ వంతు 13.5. అంతకు మించి దిగకూడదు. రెండు కొసలకూ నూలు దారం కట్టి, స్టాకర్‌తో 32 బస్తాల ప్యాలెట్లు రెండు ఎక్కించాం. మధ్యలో 8 మిల్లీమీటర్లు దిగింది. రాత్రంతా అలాగే ఉంచి పొద్దున బరువు దించితే బీము మళ్లీ పైకొచ్చి దారానికి తాకింది. ఇంజనీరు సార్ ఫోన్‌లో విని, 'ఇది మీ ధైర్యానికి. నా లెక్క 1,600 దగ్గరే ఉంటుంది' అన్నారు. వరసల చివర పెద్ద అక్షరాలతో తెలుగులో పలకలు రాయించాను: ప్యాలెట్‌కు 32 బస్తాలే.

ఏప్రిల్ 13

లెక్క. జీఎస్టీ రెండు వైపులా తీసేశాను, నేల దిమ్మెలు కూడా. పాట 1,65,000, వేలం రుసుం 4,950, విప్పడానికి 24,000, స్థలం అద్దె 4,000, లారీ 19,000, దింపుడు 4,500, పరీక్ష సామాను 3,600, పిన్నులు 1,800, నేల బోల్టులు 4,680, గార్డులు 10,800 (పాతవి ఒక్కటీ పనికిరాలేదు), బిగింపు 14,000, ఇంజనీరు 12,000. మొత్తం 2,68,330. ఏరేసిన 1,161 కిలోలు పాత ఇనుము కింద కిలో 30 వేసుకుంటే 34,830 వెనక్కి. నికరం 2,33,500.

వచ్చింది 96 ప్యాలెట్ల చోటు. ప్యాలెట్‌కు 2,432. కొత్తవి కొని ఉంటే 2,361 పడేది, పలకతో, గ్యారంటీతో, 40 బస్తాల బరువుతో. పాట రోజు నేను వేసుకున్న లెక్కలో ఫ్రేములన్నీ పనికొస్తాయని ఉంది. సగానికి సగం పోతాయనుకుని వేసి ఉంటే లక్ష దాటి పాడేవాణ్ని కాదు.

ఏప్రిల్ 16

పాత ఇనుము వ్యాపారి వచ్చాడు. ఫ్రేములు, బీములు కోయకుండా ఉన్నవి ఉన్నట్టు ఇస్తే కిలో 42 ఇస్తానన్నాడు, కిరాణా హోల్‌సేల్ వాళ్లు ఎవరో అడుగుతున్నారట. దాదాపు 14,000 తేడా. సుత్తితో సరిచేసిన ఆ ఏడో ఫ్రేము కుప్ప పైనే ఉంది. నీలం రంగు ఎండలో మెరుస్తోంది, ఫోటో తీస్తే ఎవరైనా కొంటారు.

మేస్త్రీని గ్యాస్ కట్టర్ తెమ్మన్నాను. ఫ్రేములు ఒక్కొక్కటీ మూడు ముక్కలు, బీముల కొక్కేలు వేరు. సాయంత్రం నాలుగింటికి మొదలుపెడితే ఏడున్నర అయింది. కాటా వేసి కిలో 30 లెక్కన తీసుకెళ్లాడు.